గాజుతొట్టిలో దాయాదులు

ఉప్పునీటి అక్వేరియం పెంచేవాళ్లలో పసుపు టాంగ్ మీద మోజు పడనివాళ్లు తక్కువ. అరచేయంత వెడల్పు, పలచటి ఒళ్లు, తల నుంచి తోక దాకా నిమ్మపండు రంగు. పొద్దస్తమానం రాళ్ల మీది నాచు గీక్కుతింటూ తిరుగుతుంది. పక్కన క్లౌన్ ఫిష్‌ను వేసినా, గోబీని వేసినా పెద్దగా పట్టించుకోదు. అదే ఇంకో పసుపు టాంగ్‌ను వేసి చూడండి. తోక మొదట్లో రెండువైపులా మడిచి పెట్టుకున్న పదునైన ముల్లు బయటికొస్తుంది. ఈ కుటుంబానికి సర్జన్ ఫిష్ అని పేరు రావడానికి కారణం ఆ ముల్లే. కొత్త చేప ఒంటి మీద గాట్లు పడతాయి, రెక్కలు చిరుగుతాయి. నాలుగు రోజులయ్యేసరికి అది ఒక మూలకు చేరి తిండి మానేస్తుంది.

చేపలమ్మే దుకాణాల్లో ఒక పట్టిక కనిపిస్తుంది. అడ్డంగా, నిలువుగా చేపల పేర్లుంటాయి. రెండూ కలిసే గడిలో ఒప్పు గుర్తో, తప్పు గుర్తో, ‘జాగ్రత్త’ అనే మాటో ఉంటుంది. కొత్తవాళ్లకు అది ఎంతో కొంత పనికొస్తుంది కానీ, ఎందుకన్నది చెప్పదు. పైగా దాన్ని చూసినవాళ్లకు సాధువు చేపలు కొన్ని, రౌడీ చేపలు కొన్ని ఉంటాయన్న అభిప్రాయం మిగులుతుంది. దుకాణంలో ఎక్కువమంది అడిగే ప్రశ్న కూడా అదే: “ఇది గొడవ పడుతుందా?” అడగాల్సింది, ఎవరితో గొడవ పడుతుందని.

ఆస్ట్రియా శాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్ ఈ ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగాడు. జంతువుల ప్రవర్తన మీద చేసిన పనికి 1973లో నోబెల్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో ఆయనొకడు. 1963లో పోట్లాట స్వభావం గురించి రాసిన పుస్తకాన్ని ఆయన తోడేళ్లతో మొదలుపెట్టలేదు, పగడపు దిబ్బల చేపలతో మొదలుపెట్టాడు. ఫ్లోరిడా తీరంలో నీళ్లలో మునిగి చూసినదానికీ, తన అక్వేరియాల్లో చూసినదానికీ ఒకే లెక్క కుదిరింది. రంగురంగుల చేపలు కరిచేది ఎక్కువగా తమ జాతివాటినే. పగడపు దిబ్బ మీద ఒక్కో జాతికి ఒక్కో జీవనోపాధి. ఒకటి నాచు తింటుంది, ఒకటి పగడాల సందుల్లోంచి పురుగులు ఏరుకుంటుంది, ఇంకొకటి నీళ్లలో కొట్టుకొచ్చే సూక్ష్మజీవులను మింగుతుంది. వేరే జాతి చేప పక్కనే ఇల్లు కట్టుకున్నా దీని కూటికి ఎసరు రాదు. సొంత జాతి చేప మాత్రం ఇదే తిండికి, ఇదే గూటికి, ఇదే జోడీకి పోటీ. ఆ మెరిసే రంగులు ‘ఈ చోటు నాది, నా జాతివాళ్లు రావద్దు’ అని పెట్టుకున్న బోర్డులని లోరెంజ్ ఊహ.

పొరుగూరివాడితో మనకు పేచీ ఉండదు. గెట్టు తగాదా ఎప్పుడూ పాలివాడితోనే. పగడపు దిబ్బ మీద జరిగేదీ దాయాదుల పోరే.

లోరెంజ్ ఊహను తర్వాతివాళ్లు యథాతథంగా ఒప్పుకోలేదు. మిరుమిట్లు గొలిపే రంగులుండి కూడా జంటలుగా, గుంపులుగా బతికే చేపలు బోలెడు. హవాయి తీరంలో పసుపు టాంగులే గుంపులుగా కనిపిస్తాయి. రంగులకు జోడీని పిలవడం, శత్రువు కన్ను కప్పడం లాంటి పనులు వేరే ఉన్నాయి. అయినా ఆయన గమనించిన అసలు సంగతి చెక్కుచెదరలేదు. 1974లో మయామీ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్థర్ మైర్‌బర్గ్, రొనాల్డ్ థ్రెషర్ దాన్ని కొలిచి చూపించారు. వాళ్లు ఎంచుకున్నది కరీబియన్ సముద్రపు మూడుచుక్కల డామ్సెల్ చేపను. తన నాచుమడికి కాపలా కాసుకునే చేప అది. రకరకాల చేపలను సీసాల్లో పెట్టి, ఒక్కో సీసానూ దాని మడి వైపు జరుపుతూ, ఎంత దూరంలో ఉండగా అది దాడికి దిగుతుందో చూశారు. సొంత జాతి చేపైతే చాలా దూరంలో ఉండగానే మీదికి దూకేది. వేరే చేపలను ఇంకా దగ్గరికి రానిచ్చేది. అంటే దాని సరిహద్దు ఒకటి కాదు. ఒక్కో జాతికి ఒక్కో వలయం. దాయాదికి అన్నిటికన్నా పెద్ద వలయం.

ఇంట్లో ట్యాంకు పెట్టుకునేవాళ్లకు నాకు తెలిసినంతలో ఇంతకన్నా పనికొచ్చే ప్రయోగం లేదు. సముద్రంలో ఆ వలయం ఎంత పెద్దదైనా, ఓడిన చేప దాన్ని దాటి పారిపోతే గొడవ ముగుస్తుంది. చాలా పోట్లాటల్లో రక్తం కూడా కనిపించదు. రెక్కలు విప్పి బెదిరించడం, తరమడం, అంతే. నాలుగడుగుల ట్యాంకులో ఆ వలయం గాజుగోడలను దాటి అవతలికి పోతుంది. ఓడిన చేప ఏ మూల నక్కినా గెలిచినదాని సరిహద్దులోనే ఉంటుంది. అది లొంగిపోయినా, దూరంగా వెళ్లలేదు కాబట్టి గెలిచినది ఇంకా ఎదిరిస్తోందనే అనుకుంటుంది. సముద్రంలో అరనిమిషంలో తేలిపోయే తగాదా ఇక్కడ రోజుల తరబడి సాగి చావుతో ముగుస్తుంది. చేప స్వభావం మారలేదు, పారిపోయే దారి మూసుకుపోయిందంతే.

ఇక్కణ్నుంచి చూస్తే పట్టికలోని తప్పు గుర్తులకు చాలావాటికి కారణం దొరుకుతుంది. పసుపు టాంగ్‌కు సొంత జాతి తర్వాత పడనివి అదే ప్రజాతికి చెందిన ఊదా టాంగ్, సెయిల్‌ఫిన్ టాంగ్. వాటివీ అదే ఒంటి తీరు, అదే పొడుచుకొచ్చిన మూతి, అదే నాచు తిండి. బ్రష్షు లాంటి పళ్లతో రాళ్ల మీది మడ్డిని ఊడ్చుకుతినే కోల్ టాంగ్‌ది వేరే ప్రజాతి, దాంతో సర్దుకుపోవడం కొంత తేలిక. పోలిక అంటే చుట్టరికమే కానక్కర్లేదు, చూపులకు పోలినా చాలు. కరీబియన్ నుంచి వచ్చే రాయల్ గ్రామాకు ముందు సగం ఊదా, వెనక సగం పసుపు. పసిఫిక్ నుంచి వచ్చే రాయల్ డాటీబ్యాక్‌కూ అంతే. సముద్రంలో ఈ రెండూ ఎన్నడూ ఎదురుపడవు. ట్యాంకులో కలిస్తే డాటీబ్యాక్ గ్రామాను బతకనివ్వదు. అందంగా జత కుదిరాయని ఈ రెంటినీ కలిపి కొనేవాళ్లుంటారు. రంగులు జత కుదరడమే ఇక్కడ కీడు.

మన కంటికి ఒకేలా కనిపించేవన్నీ చేపకు ఒకేలా కనిపిస్తాయనీ అనుకోకూడదు. అంబాన్ డామ్సెల్, లెమన్ డామ్సెల్ రెండూ మనకు ఒట్టి పసుపు చేపలే. అంబాన్ డామ్సెల్ మొహం మీద అతినీలలోహిత కాంతిలో మాత్రమే కనిపించే సన్నటి చుక్కలు, గీతలు ఉంటాయి. ఆ కాంతి మన కంటి కటకం దగ్గరే ఆగిపోతుంది కాబట్టి మనకు కనపడవు. ఉల్‌రికె సీబెక్ బృందం 2010లో ప్రకటించిన పరిశోధనలో ఈ చేప ఆ గీతలను చూసే తన జాతి ఏదో, పరాయిది ఏదో తేల్చుకుంటోందని తేలింది. అతినీలలోహిత కాంతిని అడ్డుకునే ఫిల్టర్ మధ్యలో పెట్టగానే ఆ తేడా దానికి తెలియకుండా పోయింది.

మరి క్లౌన్ ఫిష్ జంటగా ఎలా ఉంటుంది? దాయాదుల సూత్రం దాని దగ్గర ఎందుకు తప్పింది? తప్పలేదు, రాజీ కుదిరింది. ఎనిమోన్ అనే పువ్వులాంటి సముద్రజీవిలో ఉండే క్లౌన్ ఫిష్ గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడది, రెండోది మగది. మిగిలినవి పిల్లల్ని కనని చిన్నవి. ఆడది చనిపోతే మగది ఆడదిగా మారుతుంది, మూడో స్థానంలో ఉన్నది మగదిగా ఎదుగుతుంది. హాన్స్ ఫ్రికె, సిమోన్ ఫ్రికె 1977లో దీన్ని వివరించారు. ‘ఫైండింగ్ నెమో’ సినిమా తీసినవాళ్లు శాస్త్రం ప్రకారం కథ రాసుకుని ఉంటే, తల్లి చనిపోయాక నెమో వాళ్ల నాన్న మొదటి పావుగంటలోనే అమ్మగా మారిపోయేవాడు. పీటర్ బస్టన్ 2003లో పపువా న్యూగినీలోని క్లౌన్ ఫిష్‌లను గమనించి ఇంకో విడ్డూరం చెప్పాడు. వరసలో కింద ఉన్న చేప తన పైదాని కన్నా కచ్చితంగా కొంత చిన్నగా ఉండేలా తన ఎదుగుదలను తానే అదుపులో పెట్టుకుంటుంది. పరిమాణంలో దగ్గరికొస్తే పోటీకొచ్చినట్టే. చిన్నగా ఉండిపోవడమే అది చేసుకున్న ఒప్పందం.

క్లౌన్ ఫిష్ జంటను ఎంచుకునేటప్పుడు చూడాల్సింది కూడా ఈ పరిమాణాన్నే. ఒకే సైజు పెద్ద చేపలు రెండు తెస్తే రెండూ ఆడవే కావచ్చు, అప్పుడు రాజీ లేదు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది తెచ్చి ఒకేసారి వదిలితే చిన్నది ఒళ్లు వణికించి తలవంచుతుంది. కొద్ది వారాల్లో జంట కుదురుతుంది. మూడోది వద్దు. సముద్రంలో మూడోది ఎనిమోన్ అంచున తన వంతు కోసం ఎదురుచూస్తుంది, చిన్న ట్యాంకులో జంట దాన్ని అంచున కూడా ఉండనివ్వదు. రెండు రకాల క్లౌన్ ఫిష్‌లను కలపడమూ అంతే. మెరూన్ క్లౌన్ ఆడదాన్నైతే ఆ కుటుంబం మొత్తంలోనూ నమ్మకూడదు.

ఆకుపచ్చ క్రోమిస్‌ల కథ వేరు. పగడపు కొమ్మల మీద వందల గుంపులుగా మెరిసే ఈ చేపలను చూసి ‘ఏడెనిమిది వేస్తే ట్యాంకు నిండుగా ఉంటుంది’ అని దుకాణదారులు సలహా ఇస్తారు. నెలలు గడిచేకొద్దీ ఏడు ఐదవుతాయి, ఐదు మూడవుతాయి, చివరికి బలిసిన చేప ఒక్కటి మిగులుతుంది. ఇందులో కొంత జబ్బుల పని, కొంత పెద్ద చేప రోజూ చిన్నదాన్ని వేధించడం. సముద్రంలో ఆ వేధింపు వందల చేపలకు పంచుకుపోతుంది. ఆరింటి మధ్య పంచితే ఆఖరిదాని మీదే పడుతుంది. గుంపు చేప అని రాసి ఉన్నంత మాత్రాన నాలుగడుగుల ట్యాంకులో గుంపు తయారు కాదు.

తగాదా లేకపోయినా పొసగని చేపలున్నాయి. ఇది తిండి లెక్క, దీన్ని చాలామంది మర్చిపోతారు. మాండరిన్ చేపంత సాధువు ఇంకొకటి లేదు. నీలం, నారింజ ముగ్గులేసిన ఒళ్లు. దాని నీలం కూడా మామూలుది కాదు. చాలా చేపల్లో నీలం కనిపించేది చర్మం కాంతిని ప్రతిఫలించే తీరు వల్ల, దీనికి చర్మంలో నిజంగానే నీలం రంగు కణాలున్నాయి. రాళ్ల మీద పాకే కోపిపాడ్లనే సన్నటి జీవులను ఒక్కొక్కటే ఏరుకుంటూ రోజంతా తింటుంది. కొత్త ట్యాంకులో ఆ జీవులు దానికి చాలినన్ని ఉండవు. దానికి తోడు ఆరుగీతల రాస్ లాంటి చేప ఉంటే అవే జీవులను అది ఇంకా చురుగ్గా ఏరేస్తుంది. ఎవరూ ఎవరినీ కరవరు, మాండరిన్ మాత్రం నెల రెండు నెలల్లో ఎండిపోతుంది. క్లీనర్ రాస్‌కూ ఇదే గతి. పెద్ద చేపల ఒంటి మీది పరాన్నజీవులను తిని బతికేదానికి ఇంటి ట్యాంకులో సరిపడా ఖాతాదారులు దొరకరు. ఎంత అందంగా ఉన్నా ఈ రెండూ కొత్తవాళ్లు కొనాల్సిన చేపలు కావని నా గట్టి నమ్మకం.

నోటి లెక్క అన్నిటికన్నా తేలిక. నోట్లో పట్టేది ఏదైనా తిండే. లయన్ ఫిష్ ఎవరితోనూ పోట్లాడదు, మింగేస్తుంది. రొయ్యలు, చిన్న గోబీలు ఉన్న ట్యాంకులో దానికి చోటు లేదు. పెద్దదయ్యాక ఏం చేయాలో తోచక సముద్రంలో వదిలేయడం ఇంకా పెద్ద ముప్పు. ఫ్లోరిడా తీరంలో 1985లో మొదటిసారి కనిపించిన ఈ పసిఫిక్ చేప ఇప్పుడు కరీబియన్ అంతటా పాకిపోయి అక్కడి చేపపిల్లలను ఊడ్చేస్తోంది. దానికి మూలం అక్వేరియాల నుంచి వదిలినవేనని శాస్త్రవేత్తల అంచనా.

ఇక ట్యాంకులో పగడాలుంటే చేపకూ చేపకూ పడితే చాలదు, చేపకూ పగడానికీ పడాలి. సీతాకోకచిలుక చేపల్లో చాలా జాతులకు పగడపు పాలిప్‌లే భోజనం. కొన్ని ఒక్క ఆక్రోపోరా పగడం తప్ప దాదాపు ఇంకేదీ ముట్టవు. అలాంటిదాన్ని పగడాల మధ్య వదిలితే పగడం పోతుంది, పగడాలు లేని ట్యాంకులో వదిలితే చేప పోతుంది. మరుగుజ్జు ఏంజెల్ చేపలది మాత్రం జూదం. ఒకటి ఏళ్ల తరబడి పగడాల జోలికి పోదు, అదే జాతి ఇంకొకటి వారంలోనే కొరకడం మొదలుపెడుతుంది.

నాలుగడుగుల పొడవు, రెండేసి అడుగుల వెడల్పు, ఎత్తు ఉన్న ట్యాంకులో సుమారు 450 లీటర్లు పడుతుంది. రాళ్లూ ఇసుకా పోగా నీళ్లు ఇంకా తక్కువ. నన్నడిగితే అందులో ముందు గోబీ, పిస్టల్ రొయ్య జోడీని వేయమంటాను. రొయ్య బొరియ తవ్వుతుంది, దానికి చూపు అంతంతమాత్రం. గోబీ వాకిట్లో కాపలా ఉంటుంది. రొయ్య బయటికొచ్చినప్పుడల్లా తన మీసం ఒకటి గోబీ ఒంటికి ఆనించే ఉంచుతుంది. ప్రమాదం కనిపిస్తే గోబీ తోక ఆడిస్తుంది, రొయ్య లోపలికి దూరుతుంది. గంటలకొద్దీ చూసినా విసుగు పుట్టదు. తర్వాత ఒక ఫైర్‌ఫిష్, ఒక రాయల్ గ్రామా. ఆ తర్వాత క్లౌన్ జంట, ఒక ఫెయిరీ రాస్. అన్నిటికన్నా చివర ఒకే ఒక టాంగ్. గోబీ ఇసుక మీద, గ్రామా రాతి గుహలో, ఫైర్‌ఫిష్ నీళ్ల మధ్యలో, టాంగ్ రాళ్ల పైన. ఒకదాని ఉపాధి ఇంకొకదానికి అడ్డు రాదు. ఫైర్‌ఫిష్, రాస్ బెదిరితే ట్యాంకులోంచి గెంతుతాయి కాబట్టి పైన వలమూత తప్పనిసరి.

ఈ వరసను తారుమారు చేయకూడదు. ముందొచ్చిన చేపకు చోటు మీద హక్కు వస్తుంది. తన చోట్లో ఉన్న చిన్న చేప తనకన్నా పెద్దదాన్ని తరమడం ప్రయోగాల్లో చాలాసార్లు కనిపించింది. అందుకే పిరికివాటికి ముందు ఆ హక్కు ఇచ్చేయాలి, గడుసువి చివర రావాలి. కొత్త ట్యాంకులో నీళ్లు పదును పట్టడానికి చవగ్గా దొరికే నీలం డామ్సెల్ చేపలను ముందు వేసే పాత అలవాటు ఇందుకే బెడిసికొడుతుంది. అమ్మోనియాను తట్టుకుని బతికిన ఆ డామ్సెల్ ట్యాంకు మొత్తం తనదే అనుకుంటుంది, తర్వాత వచ్చే ప్రతి చేపకూ దాన్ని దాటాల్సి వస్తుంది. చేప లేకుండానే అమ్మోనియా వేసి బ్యాక్టీరియాను పెంచుకునే పద్ధతి ఉండగా ఆ చేపను హింసించడం దేనికో నాకు అర్థం కాదు.

హైదరాబాద్ లాంటి చోట ఎండాకాలం కూడా ఈ లెక్కల్లో ఒక భాగం. పగడాల ట్యాంకు నీళ్లు 25, 26 డిగ్రీల దగ్గర నిలవాలి. మే నెలలో చిల్లర్ లేకుండా అది జరగదు. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది, అప్పటిదాకా సర్దుకున్న చేపలు కూడా ఉసూరుమంటాయి. వేధింపుకు గురైన చేపకే తెల్లచుక్కల జబ్బు ముందు అంటుకుంటుంది. దానికి వాడే రాగి మందు పగడాలను, రొయ్యలను చంపేస్తుంది కాబట్టి పగడాల ట్యాంకులో వైద్యం కుదరదు. కొత్త చేపను నాలుగైదు వారాలు విడి ట్యాంకులో ఉంచి, ఆ తర్వాతే కలపాలి.

మన దేశంలో ఉన్నవాళ్లు ఇంకో సంగతి తెలుసుకోవాలి. గట్టి పగడాలు, సముద్ర గుర్రాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. మన్నార్ సింధుశాఖ నుంచో అండమాన్ నుంచో వచ్చిన పగడం ముక్కను కొనడం నేరం. చచ్చిన పగడమైనా అంతే. గోదావరి, కృష్ణల బురదనీటి వల్ల మన కోస్తాలో పగడపు దిబ్బలు ఎలాగూ పెరగలేదు. కాబట్టి ఇక్కడివాళ్లకు సిమెంటుతోనో పింగాణీతోనో చేసిన రాళ్లు పేర్చి, చేపలతోనే ట్యాంకు పెట్టుకోవడం మేలు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ముక్కలుగా కత్తిరించి పెంచిన పగడాలు సులువుగా దొరుకుతాయి. చేపలను కూడా హేచరీలో పుట్టినవాటిని కొనడం మంచిది. క్లౌన్ ఫిష్‌లను, డామ్సెల్‌లను ట్యాంకుల్లో పుట్టించే పద్ధతులను మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ అభివృద్ధి చేసింది. పసుపు టాంగ్‌ను 2015లో హవాయిలో, డోరీగా పేరుపడ్డ నీలం టాంగ్‌ను 2016లో ఫ్లోరిడాలో మొదటిసారి పెంచగలిగారు. పెంచగలిగారు కదా అని నీలం టాంగ్‌ను రెండడుగుల ట్యాంకులో నెమో పక్కన పెట్టకండి. అది అడుగు దాకా పెరిగే చేప.

అన్నీ చూసి తెచ్చినా ఒక్కోసారి గొడవ మొదలవుతుంది. అప్పుడు కొత్త చేపను చిల్లుల పెట్టెలో పెట్టి ట్యాంకులోనే వారం రోజులు వేలాడదీస్తారు. పాతది దూరంగానే బెదిరించి బెదిరించి అలసిపోతుంది. గాజు బయట ఒక అద్దం ఆనిస్తే టాంగ్ తన నీడతోనే కుస్తీ పడుతుంది, ఈలోగా కొత్తది ఊపిరి పీల్చుకుంటుంది. రాళ్లను మార్చి పేర్చడం ఇంకో ఉపాయం. గుర్తులన్నీ చెదిరిపోతాయి కాబట్టి పాతదీ కొత్తదీ ఇద్దరూ కొత్తవాళ్లే అవుతారు. ఏదీ పనిచేయకపోతే తన్నులు తిన్నదాన్ని కాదు, తన్నినదాన్ని బయటికి తీయాలి. దాన్ని రెండు వారాలు విడిగా ఉంచి మళ్లీ వదిలితే, ఈసారి అదే ఆఖరున వచ్చిన చేప. రాళ్ల మధ్య చేపను వలతో పట్టడం ఎంత కష్టమో పట్టినవాళ్లకే తెలుసు. తిండి పెట్టిన ప్లాస్టిక్ బోనును రెండు మూడు రోజుల ముందే దించి, అది అలవాటు పడ్డాక తలుపు వేయడం తేలిక.